వాగులో మంత్రం

ముసలాడు వాగులో మోకాళ్ళ మీద కూర్చుని ఏదో గొణుగుతున్నాడు.

హివికి, అతని మేనత్త కొడుకు కోయివి మడచెట్ల వెనకే ఆగిపోయారు. ఈ మొహాన్ని తమ ఒరొకోలో తీరంలో ఎన్నడూ చూడలేదు.

"అవతలి ఊరివాళ్ళు తెప్పించిన మంత్రగాడే బావా. విచారణ రేపనగా దిగాడు చూడు," అన్నాడు కోయివి.

హివికికి ఒళ్ళు మండింది. రేపు అవతలి ఊరితో భూమి విచారణలో తొమ్మిది తరాల పెద్దల పేర్లు చెప్పాలి. చెప్పగలిగినవాళ్ళదే ఈ వాగు, పక్కనున్న సగ్గుచెట్ల నేలంతా. హివికికి వచ్చినవి చివరి నాలుగే. ఆ నాలుగూ మరిచిపోయేలా చేయడానికే వీణ్ణి దింపి ఉంటారు.

పడవలోంచి తెడ్డు లాక్కుని నీళ్ళలోకి దిగాడు.

"ఎవడివిరా నువ్వు?"

ముసలాడు గొణగడం ఆపలేదు. కాస్త ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"మాకే సైగలా?"

కోయివి వెనకనుంచి తన్నాడు. ముసలాడు బోర్లా పడ్డాడు. లేచి, నీళ్ళు ఉమ్మేసి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

మాటలు తమ ఒరొకోలో భాషలాగే ఉన్నాయి. ఒక్కటీ తెలిసిన మాట కాదు. హివికికి భయం వేసింది. భయం వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

తెడ్డు ముసలాడి భుజాన పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

వాడు మూలిగాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

"మొండిఘటం బావా. నోటి మీద వెయ్యి."

హివికి నోటి మీదే వేశాడు. పళ్ళు రాలాయి. ఆ రక్తపు నోటితోనే ముసలాడు మళ్ళీ అదే మాట ఎత్తుకున్నాడు.

కోయివి బురద తీసి ఆ నోట్లో కుక్కాడు. ఇద్దరూ కలిసి తల నీళ్ళలో అదిమి పట్టారు. కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు.

హివికి ఇంటికి వచ్చేసరికి తల్లి ఇవియా పీతలు ఉడకబెడుతోంది.

"చేతులకి ఆ రక్తమేంట్రా?"

"మంత్రగాణ్ణి చంపేశాం. రేపటికి ఇక బెంగలేదు."

"ఏం చదివాడు? చెప్పు, విరుగుడు చెయ్యాలి."

"ఏమోనమ్మా. హాఊరో, ఏలవో, అకోరే... అంతే. మేం కొట్టడం, వాడు మళ్ళీ హాఊరో అనడం."

ఇవియా పొయ్యి దగ్గరే చతికిలబడింది.

"అది మంత్రం కాదురా. మన పెద్దల పేర్లు. మీ తాత నోట ఆ మూడూ విన్నాను. తరవాతవి ఆడవాళ్ళ ఎదుట చెప్పేవారు కాదు."

హివికి ఆ మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"వాగులోకి దిగి, అందరికన్నా పాతవాడితో మొదలుపెట్టి కిందికి వస్తారు. మధ్యలో ఎవరు పిలిచినా పలకకూడదు. ఆగిపోతే మళ్ళీ మొదటినుంచే."

"మరి వాడికెలా తెలుసు?"

"తొమ్మిదీ వచ్చినవాడు ఇక ఒక్కడే మిగిలాడు. నువ్వు పుట్టకముందే మీ నాన్న వాణ్ణి కొట్టి తరిమేశాడు. నీకు చెబితే ఒప్పుకోవని నేనే కబురు పెట్టాను, రేపటికి వచ్చి నిలబడమని."

ఆమె కొడుకు చేతుల వంక చూసింది.

"ఇంకాస్సేపు ఆగి ఉంటే నీ పేరు దగ్గరికే వచ్చేవాడురా, మీ చిన్నాన్న."