ఎనభై లోపు

టేపు చాలలేదు.

ఇంకొకరైతే చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఆడపడుచు ఊరుకునే రకమా? "ఇంకో టేపు పట్రండే, మా బస్తాకి ఒకటి ఏ మూలకి?" అని కొట్టంతా వినపడేలా కేకేసింది. రెండు టేపులు ముడేసి మరదలి నడుము చుట్టూ తిప్పింది. అద్దం ముందు బట్టలు చూసుకుంటున్న ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.

ఆ బట్టల కొట్టు ఆడపడుచుది. తల్లి లేని తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది కాబట్టి, తమ్ముడి పెళ్లాం మీద సర్వహక్కులూ తనవే అనుకునేది. కాపురానికొచ్చిన నెలకే ఆమెని కొట్లో వెనక గదిలోకి తోసేసింది. ముందు నిలబడితే, ఈ బట్టలేసుకుంటే ఇలా తయారవుతాం కాబోలని జనం జడుసుకుంటారట. ఫ్యాను కూడా లేని గది. అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని పదకొండేళ్లు గుండీలు కుట్టింది, వేలాడే దారాలు కత్తిరించింది. ఆవిడ పెట్టిన పేరే ఊరందరి నోటా పడింది. సరుకు దించే డ్రైవరు సైతం "బస్తాగారూ, సంతకం" అనేవాడు.

మాట అన్నవాళ్లు మరిచిపోతారు గానీ పడ్డవాళ్లు మరిచిపోతారా? ఏ మాట, ఏ రోజు, ఎవరెదురుగా, అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. పగంటే పాముకే ఉంటుందని ఎవరన్నారో గానీ, వాళ్లు ఆమెని చూసి ఉండరు.

కడుపు కోయించుకుంటానని డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఆమె బరువు నూట పద్దెనిమిది కిలోలు. ఎనభై లోపు రావాలన్నాడు డాక్టరు. ఎన్నాళ్లలో అని అడిగింది. ఏడాది దాటకుండా ఉంటే మంచిదన్నాడు. సరేనంది.

మొగుడు కాళ్లావేళ్లా పడ్డాడు. అంతకుముందు, తమ్ముణ్ణి కదా, నేను చూసుకుంటానని తనే ముందుకెళ్లాడు. పని కాక తల వేలాడేసుకుని తిరిగొచ్చాడు. అందుకే గట్టిగా అనడానికి నోరు రాలేదు.

"మా అక్క గొడవ నీకెందుకే? ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"మీ అక్క సంగతి తేల్చాల్సింది నేనే. మీ వల్ల కాదని తేలిపోయిందిగా" అంది.

కోసి కుట్టాక కడుపు అరటికాయంత మిగిలింది. నాలుగు చెంచాలు తింటే ఆనందం, అయిదో చెంచాకి వాంతి. జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడింది. చేతుల కింద చర్మం వేలాడింది. కుట్లు పట్టుకుని వరండాలో నడిచేది. అడుగుకో మాట గుర్తుచేసుకునేది. మాటలు అయిపోయేవి కావు, అందుకని నడక ఆగేది కాదు.

ఆడపడుచుకి ఇదో కొత్త వేడుక. "నోరు కట్టుకోలేక కడుపు కుట్టించుకుంది మా బస్తా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వింది. ఆ నవ్వులో మునుపటి ఊపు లేదు. ఈమధ్య ఆవిడ కొట్టుకి రోజు విడిచి రోజే వస్తోంది. మొహం పాలిపోయింది. గల్లా దగ్గర్నుంచి గుమ్మం దాకా గోడ పట్టుకుని నడుస్తోంది.

అది చూసి ఆమెకి గుండెల్లో రాయి పడింది. జాలి అనుకునేరు, జాలీ లేదు గీలీ లేదు. ఈవిడ నా చేతికి చిక్కకుండా ముందే పోతే ఎలా అన్న దిగులు. పదకొండేళ్ల కసి నెత్తిన పెట్టుకుని తర్వాత ఎవరి మీద తీర్చుకోవాలి? అలా తప్పించుకుపోతే ఒప్పుకునేది లేదని పళ్లు నూరుకుంది. మర్నాటి నుంచి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

తొంభై ఆరు. తొంభై. ఎనభై నాలుగు దగ్గర ముల్లు మొండికేసింది. అయిదు వారాలు కదల్లేదు. ఆమె బరువు చూసే మిషన్ని కాలితో తన్నింది, ఏడ్చింది, మళ్లీ మెట్లెక్కింది. పదో నెలలో డెబ్బై తొమ్మిది.

ఆస్పత్రివాళ్లిచ్చిన కాగితం తీసుకుని ఆమె తిన్నగా ఆడపడుచు ఇంటికెళ్లింది. ఆవిడ మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. కొట్టుకి రావడం మానేసి నెలైంది. వెలుతురుకి అడ్డంగా నిలబడ్డ మనిషిని పోల్చుకోలేక ఎవరని అడిగింది.

"బస్తాని, వదినా."

ఆవిడ పైనుంచి కింది దాకా చూసింది.

"ఎగతాళి చేసి పోదామని వచ్చావా? చెయ్యి. నీ రోజులొచ్చాయి."

"ఎగతాళితో తీరేది కాదు వదినా నాది" అంటూ ఆమె మంచం పక్కన కూర్చుంది. ఎంత ప్రశాంతంగా కూర్చుందంటే, చూసినవాళ్లకి భయమేస్తుంది. "రేపట్నుంచి మీరు పొద్దున్నే కళ్లు తెరిచిన ప్రతిసారీ నేను గుర్తుకు రావాలి. నన్ను తిట్టబోతే నోరు రాకూడదు. మీరున్నన్నాళ్లూ ఇంతే. దీన్నించి మీకు తప్పించుకునే దారి లేదు."

కాగితం ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. పదకొండేళ్లలో ఏనాడూ మాటకి తడుముకోని మనిషి నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. కళ్లు దించేసుకుంది. ఆ దించుకున్న కళ్లని ఆమె తనివితీరా చూసింది.

దాత బరువు ఇప్పుడు సరిపోయిందనీ, ఈమె కిడ్నీని సోమవారం రోగికి అమర్చవచ్చనీ ఉంది ఆ కాగితంలో.