మోటర్‌హోమ్‌లో నల్లనువ్వులు

టీలోకి పంచదార వెతుకుతుంటే ఉదయలక్ష్మి చేతికి నల్లనువ్వుల పొట్లం తగిలింది. దాని పక్కనే దర్భలు, రాగి చెంబు. ఆమె స్టవ్ టక్కున కట్టేసింది.

"ఏమండీ, టూర్‌కొచ్చేవాళ్ళు నల్లనువ్వులు తెచ్చుకుంటారా?"

హేమచంద్ర డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దం మీద పడుతున్న వాన చూస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఇవాళ ఆషాఢ అమావాస్య," అన్నాడు.

"అయితే?"

"అయితే ఏముంది ఉదయా? వాడికి నీళ్ళు వదలాలి."

చూశారా, పెద్దమనిషి తెలివి! ఇక్కడ ఇది చలికాలం, ఆఫ్ సీజను, జనం ఉండరు, వంటా పడకా అన్నీ ఉన్న మోటర్‌హోమ్ తీసుకుని పెర్త్ నుంచి సముద్రం వెంబడి హాయిగా తిరిగొద్దాం, నేను రిటైరయ్యాక నిన్నెక్కడికీ తీసుకెళ్ళలేదు అని నానా కబుర్లూ చెప్పి భార్యను బండెక్కించాడు. నాలుగు రోజులు తిప్పాడు. హాయి మాట దేవుడెరుగు, ఎక్కడ ఆగినా మూసేసిన కెఫేలు, ఖాళీ కారవాన్ పార్కులు, ఎముకలు కొరికే గాలి. నిన్న చీకటిపడే వేళకి ఈ రాళ్ళ తీరానికి తెచ్చి ఆపాడు. చుట్టుపక్కల ఇంకో బండి లేదు.

ఉదయలక్ష్మి కిటికీ తెర తీసి బయటికి చూసింది.

"ఇది ఏ చోటు?"

"వాడి కారు దొరికిన చోటు."

ఆమె తెర వదిలేసింది. రెండేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు జయంత్ కారు ఈ కార్‌పార్క్‌లోనే దొరికింది. చెప్పులూ ఫోనూ రాళ్ళ మీద దొరికాయి. మనిషి మాత్రం దొరకలేదు. అల లాక్కుపోయి ఉంటుంది, వెరీ సారీ అని చెప్పి పోలీసులు ఫైలు మూసేశారు.

"పొట్లం ఇలా ఇవ్వు," అన్నాడు హేమచంద్ర లేచి వస్తూ.

"ఇవ్వను. బతికున్న పిల్లాడికి నువ్వులూ నీళ్ళూ వదులుతారా? మీకు చేతులెలా వస్తున్నాయండీ?"

"మళ్ళీ మొదలెట్టావా?"

"బాడీ దొరికిందా?"

"ఈ సముద్రంలో దొరుకుతుందా? చెప్పు!"

రెండేళ్ళుగా వాళ్ళింట్లో అరిగిపోయిన గొడవే ఇది. పెర్త్‌లో వాళ్ళుండే హారిస్‌డేల్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. కొడుకు ఫొటోకి ఆమె దండ వెయ్యనివ్వలేదు. సంవత్సరీకం మాటెత్తితే అన్నం పళ్ళెం విసిరికొట్టింది. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే, "షీ నీడ్స్ టైమ్," అందావిడ. పిచ్చితల్లి, కడుపుకోత అలాంటిది మరి, అని ఆంటీలందరూ కళ్ళొత్తుకున్నారు. ఎవరేం చెప్పినా ఆమెది మాత్రం ఒకటే పాట.

హేమచంద్ర గొంతు తగ్గించాడు.

"నాకు కంటిమీద కునుకు లేదే. ఆ రోజు వాణ్ణి నేనేమన్నానో నువ్వూ విన్నావు. యూనివర్సిటీ మానేశాను నాన్నా అన్నందుకు, పాతికేళ్ళవాణ్ణి, నీ ముందే చెంప పగలగొట్టాను. నా గడప తొక్కావంటే నీ శవాన్నే చూస్తానన్నాను. పోయాడు. వాణ్ణి చంపింది సముద్రం కాదు, నేను. తాగడానికి నీళ్ళు లేక అక్కడ అల్లాడుతుంటాడట, పంతులుగారు చెప్పారు. గుక్కెడు నీళ్ళన్నా ఇవ్వనియ్యి!"

అరవయ్యేళ్ళు దాటిన మనిషి, మైన్స్‌లో వందలమందిని గడగడలాడించిన ఇంజనీరు, మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉదయలక్ష్మికీ కన్నీళ్ళు ఆగలేదు. ఏదో చెప్పబోయి పెదవి కొరుక్కుంది.

"మీరు చంపలేదండీ," అంది చివరికి.

"నువ్వంటే సరిపోతుందా?"

అంతలో ఫోన్ మోగింది. వీడియో కాల్‌లో పంతులుగారు.

"నమస్కారం సార్! రెడీయేనా? దీని తర్వాత నాకింకో మూడు తర్పణాలున్నాయి, అన్నీ ఆన్‌లైనే. మనం త్వరగా కానిచ్చేద్దాం."

హేమచంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. భార్య చేతిలోంచి పొట్లం లాక్కుని, పంచె మీద రెయిన్ జాకెట్ వేసుకుని, చెంబూ దర్భలూ పట్టుకుని దిగిపోయాడు. ఆమె గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది.

చలికాలం సముద్రం మహా చెడ్డది. రాళ్ళ మీదికెక్కి మరీ కొడుతోంది. హేమచంద్ర జారుతూ తూలుతూ అంచుదాకా వెళ్ళి, ఫోన్‌ని ఒక రాతికి ఆనించి, చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"సిగ్నల్ కట్టవుతోంది సార్! గోత్రం చెప్పండి."

"కాశ్యప."

"పోయినవారి పేరు?"

"జయంత్..." అలల హోరులో ఆ మాట కొట్టుకుపోయింది. మళ్ళీ కూడదీసుకుని గట్టిగా చెప్పాడు.

"నువ్వులు చేతిలోకి తీసుకోండి. నీళ్ళు పొయ్యండి. నేను చెప్పగానే వదలండి."

దోసిట్లో నువ్వులు తడిశాయి. మంత్రం మొదలైంది.

వానలో ఉత్త కాళ్ళతో పరుగెత్తుకొచ్చిన ఉదయలక్ష్మి వచ్చీ రాగానే అతని మణికట్టు ఒక చేత్తో ఒడిసిపట్టుకుంది. నువ్వులు రాతి మీద ఒలికిపోయాయి. ఇంకో చేత్తో ఫోన్ అందుకుని నొక్కేసింది. పంతులుగారు మంత్రం మధ్యలోనే మాయమయ్యారు.

"సిగ్గుందా నీకు?" హేమచంద్ర సముద్రాన్ని మించి అరిచాడు. "ఇంకెన్నాళ్ళే ఈ పిచ్చి? కళ్ళు తెరిచి చూడు. వాడు లేడు! లేడు!"

ఉదయలక్ష్మి అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఉన్నాడండీ. తాస్మేనియాలో ఉన్నాడు, ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తున్నాడు," అంది. "మీకు చెప్పిన రోజున మాత్రం నిజంగానే సముద్రంలో దూకేస్తానన్నాడు."