గాలి ఆడని పైపు

“ఏమయ్యా, ఇందులో గాలి ఆడట్లేదేం?” కొత్త పైపు నోట్లోంచి తీసి పెద్దాయన నా బల్ల మీద పెట్టాడు.

ఆకురాయి పక్కన పడేశాను. పొద్దుట్నుంచీ పైపుల కోసం బ్రయర్ చెట్టు వేరుదుంపలు చెక్కి వేళ్లు లాగేస్తున్నాయి. మాట్లాడే ఓపిక కూడా లేదు.

“కాడలో బెజ్జం వెయ్యలేదు. మీ అమ్మాయి వద్దంది.”

“వద్దనడానికి అదెవరు?”

“డాక్టరు పొగ మానమన్నాడట కదా. నోట్లో పైపు లేందే మీరుండలేరని, ఉత్తిదైనా చెక్కిమ్మని బతిమాలింది.”

“అంటే ముసలాడికి పాలపీకన్నమాట! వెయ్యవయ్యా బెజ్జం.”

నాకెందుకులే అని ఒక చేత్తో పైపు, ఒక చేత్తో బరమా అందుకున్నాను.

“ఇంతకీ అదెక్కడ?”

“బయట మెట్ల మీద. మీకు చెప్పే ధైర్యం లేదట.”

ఆయన కిటికీలోంచి చూశాడు. కూతురు ఇటు వీపు పెట్టి, సంచి గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. దగ్గు తెర ఒకటి వస్తే, తగ్గేదాకా బల్ల పట్టుకున్నాడు.

“వాళ్లమ్మ ఆస్పత్రిలో పోయిన రోజు కూడా ఇలాగే నిలబడింది, గది బయట.”

బరమా కొన కాడకి ఆనించి ఆగాను.

ఆయన నా చేతిలోంచి పైపు లాక్కుని, పళ్ల మధ్య పెట్టుకుని, తలుపు తీశాడు.

“ఏమే, ఎండలో ఎంతసేపు నిలబడతావ్? పద, పోదాం.”