పదిహేడో ప్రశ్న

పదిహేడో ప్రశ్నకు అబద్ధం చెప్పి ఉండవలసిందా? నాలుగేళ్లుగా ఎర్విన్‌ను ఈ సందేహం వదలలేదు. ఇప్పుడు గుమ్మం దగ్గర కమీలా బూట్ల మంచు దులుపుకుంటుంటే మళ్లీ అదే గుర్తొచ్చింది.

"దేవుడు మేలు చేయుగాక!" అందామె. అది గనివాళ్ల పలకరింపు. మొదటిసారి వచ్చినప్పుడు ఎర్వినే నేర్పాడు.

"నీకూ చేయుగాక అమ్మా. రా, కూర్చో. గసగసాల కేకు నేనే చేశా. గట్టిగా వచ్చింది. బొగ్గనుకుని కొరుకు."

కమీలా నవ్వుతూ ఫైలు తెరిచింది. అట్ట మీద 214 అని ఉంది. అది ఎర్విన్ నంబరు. ఆరు నెలలకోసారి అదే ఫైలు, అవే నలభై ప్రశ్నలు.

సైలీషియా బొగ్గు ప్రాంతంలో ఎర్విన్ పనిచేసే గని మూతపడబోతోందని తెలిసిన ఏడాది ఆమె విశ్వవిద్యాలయం వాళ్లతో ఇంటింటికీ వచ్చింది. బొగ్గు పోయి గాలిమరలు వస్తే కార్మికులు ఏమవుతారో తెలుసుకోవాలన్నారు. కొందరికి గాలిమరల పని నేర్పిస్తారని, నేర్చినవాళ్లకు ఉద్యోగం ఖాయమని ఊరంతా చెప్పుకున్నారు. మూడు పేజీల కాగితం ఇస్తే ఎర్విన్ చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాడు. గోడ అవతలి హూబర్ట్ కూడా పెట్టాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే షిఫ్టు. అతని నంబరు 213.

నెల తిరక్కుండా హూబర్ట్‌కు గాలిమరల శిక్షణకు పిలుపు వచ్చింది. ఎర్విన్‌కు రాలేదు.

"పదిహేడో ప్రశ్నకి ఏం చెప్పావురా?" అని అడిగాడు హూబర్ట్.

"ఎత్తంటే భయమా అనేదానికా? కొంచెం ఉందన్నాను."

"ఓరి వెర్రిమాలోకమా! స్టూలెక్కితే నాకు కాళ్లు వణుకుతాయి. నేను లేదనలేదూ?"

ఎర్విన్ భార్య ట్రూడా ఆ మాట వినేసింది. "ముప్పై ఏళ్లు ఎనిమిది వందల మీటర్ల లోతుకు దిగి వచ్చావు. ఒక్క అబద్ధం ఆడలేకపోయావా?"

"సెయింట్ బార్బరా పటం ఎదురుగా ఉంది కదే."

"గనివాళ్ల తల్లేగా! ఆవిడే కళ్లు మూసుకునేది."

ఆ తర్వాత ప్రతిసారీ ఎర్విన్ నిజమే చెప్పాడు. నిజాయితీని ఎవరో ఒకరు గుర్తించకపోరని అతని నమ్మకం. ట్రూడా ముసలివాళ్లకు సేవ చేసే పని దొరికి సరిహద్దు దాటి డోర్ట్‌మండ్ వెళ్లింది. అక్కడినుంచి ఫోన్ చేసింది. "గిడ్డంగిలో నీకూ పని చూశాను. వచ్చెయ్."

ఎర్విన్ కమీలాను అడిగాడు. "నేను ఊరు వదిలితే ఏమవుతుందమ్మా?"

"జాబితాలోంచి మీ పేరు తీసేయాల్సి వస్తుంది ఎర్విన్ గారూ. మీలాంటివాళ్లు ఉంటేనే మా పని నిలబడుతుంది."

పేరు పోతే పిలుపూ పోతుంది. ఎర్విన్ ఉండిపోయాడు. మూడో చలికాలంలో ట్రూడా విడాకుల కాగితాలు పంపింది. కమీలా అది కూడా రాసుకుంది. రాసుకుంటూ కళ్లు తుడుచుకుంది.

"ఇది ఆఖరి విడత," అంది కమీలా ఇప్పుడు, కలం తీస్తూ. "నిద్ర?"

"ఎప్పటిలాగే మూడు గంటలు."

"పని?"

"దుకాణం దగ్గర బండ్లు తోశాను. రెండు నెలలకే వద్దన్నారు. నడుము వంగడం లేదుగా."

"మీరు పెంచే పావురాలు? ఇది ప్రశ్నల్లో లేదు, నేనే అడుగుతున్నా."

"చివరి జత హూబర్ట్‌కి ఇచ్చేశా. పొద్దుగూకితే అవి మర్చిపోయి నా కప్పు మీదే వాలతాయి. వాడొచ్చి తీసుకుపోతాడు, కొత్త కారులోంచి దిగి."

ఆమె పేజీ తిప్పింది.

"ఎత్తంటే భయమా?"

ఎర్విన్ గోడవైపు చూశాడు. పొద్దున ప్రార్థన అయ్యాక సెయింట్ బార్బరా పటాన్ని తనే వెనక్కి తిప్పి పెట్టాడు.

"లేదమ్మా. అస్సలు లేదు."

కమీలా తలెత్తకుండా రాసుకుంది. తర్వాతి ప్రశ్నకు వెళ్లింది. ఇంత చిన్న పాపానికి ఇన్నేళ్లు ఎందుకు భయపడ్డానా అనుకున్నాడు ఎర్విన్. ఆదివారం ఫాదర్ దగ్గర ఒప్పుకుంటే సరిపోతుంది.

నలభై ప్రశ్నలూ అయ్యాక ఆమె సంచిలోంచి లావాటి పుస్తకం తీసింది.

"మీకో బాకీ ఉన్నాను. అచ్చయ్యాక ఒక ప్రతి ఇస్తానని మొదటి రోజే మాటిచ్చాను, గుర్తుందా? నూట పన్నెండో పేజీలో మీరున్నారు. పేర్లు వేయలేదు, నంబర్లే. ఇవాళ చెప్పినవి అనుబంధంలో వేస్తాం."

"మరి పిలుపు?"

"అన్నీ అందులో ఉన్నాయి," అందామె. కేకు ముక్క కాగితంలో చుట్టుకుంది. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మీ మేలు మరవలేను," అని వెళ్లిపోయింది.

ఎర్విన్ పటాన్ని మళ్లీ ఇటు తిప్పి, దండం పెట్టి, కళ్లజోడు పెట్టుకున్నాడు. నూట పన్నెండో పేజీలో పెద్ద పట్టిక ఉంది. ఎడమ వరుసలో 213 దొరికింది. పైన 'శిక్షణ పొందినవారు' అని ఉంది. 214 కుడి వరుసలో ఉంది. ఎదురుగా మూడు గంటల నిద్ర, విడాకులు, పోయిన గని పని, అన్నీ తప్పు లేకుండా వేశారు. అడుగున సన్నటి అక్షరాల్లో ఒక గమనిక: 'మొదటి ప్రశ్న అడగకముందే చీటీలు తీసి అందరినీ రెండు వరుసలుగా విడదీశాం.'

తన వరుస పేరు చదవడానికి పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లాడు.

'పోల్చి చూడటానికి, ఏ సాయమూ అందకుండా ఉంచినవారు.'