మొరాయించే ములింగార్

"అమ్మా, వేర్ ఈజ్ మై జంపర్?"

"బట్టల ప్రెస్‌లో, అదే అల్మారాలో, కింది అరలో," అంది రమ్యశ్రీ, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

పదేళ్ల సహస్ర, సోఫాలో ఉన్న తండ్రిని దాటుకుని వచ్చి మరీ స్వెట్టర్ సంగతి అమ్మనడిగింది. చక్రధర్‌ని ఏమడిగినా ముందు "ఆఁ?" అంటాడు. కాసేపు ఆలోచిస్తాడు. చివరికి "మీ అమ్మనడుగు" అంటాడు.

శుక్రవారం రమ్యశ్రీకి డబ్లిన్‌లో ఇంటర్వ్యూ. టీమ్ లీడ్ పోస్టు ఇప్పటికి రెండుసార్లు చేజారింది. ఈసారీ పోతే తను పని నేర్పిన పిల్లల కిందే పనిచేయాలి. ఆ తలంపుకే ఆమెకు ఏడుపొస్తోంది. చదువుకుందామంటే ఇల్లు ఊపిరి సలపనివ్వదు.

"మా సెర్చ్ సర్వర్లలోనూ ఇదే గోలండీ," అంది భర్తతో విసుగ్గా. "వాటికి కాజిల్‌బార్, ములింగార్ అని ఇక్కడి ఊళ్ల పేర్లు పెట్టుకున్నాం. రెండింట్లోనూ ఉండేది ఒకే సమాచారం. ఏది త్వరగా జవాబిస్తే తరవాతి ప్రశ్నలు దానికే పంపమని రాసింది నేనే. పలికినవాళ్లకే పని!"

"అయితే నువ్వు కాజిల్‌బార్. మరి నేను?"

"మొరాయించే ములింగార్."

చక్రధర్ నవ్వాడు.

తన చురుకుదనమే తన కొంప ముంచుతోందని రమ్యశ్రీకి అప్పుడే తట్టింది. మర్నాటి నుంచి సహస్ర ఏమడిగినా "ఊఁ... ఉండు, ఆలోచించనీ" అనాలనుకుంది. ఒకసారి అందో లేదో, మంత్రం పారింది! లంచ్ బాక్సూ హోంవర్కూ అన్నీ తండ్రి వైపు మళ్లాయి. సహస్ర అమ్మ గది గుమ్మం దాకా వచ్చి, నోరు తెరవబోయి, మళ్లీ వెళ్లిపోయేది. వంటింట్లోంచి పోపు మాడిన వాసన వచ్చినా రమ్యశ్రీ కదల్లేదు.

శుక్రవారం తమ ఊరు పోర్ట్‌లీష్‌లో రైలెక్కి డబ్లిన్ వెళ్లింది. ఇంటర్వ్యూలో అడగనే అడిగారు, త్వరగా జవాబిచ్చే సర్వర్ మీద బరువు పెరిగిపోతే ఏమవుతుందని.

"అది నిదానిస్తుంది. ప్రశ్నలు వాటంతటవే పక్కదానికి మళ్లుతాయి, ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లోనే రుజువైంది," అంటూ కథంతా చెప్పింది. అడిగినవాళ్లు పగలబడి నవ్వారు.

ఆమె ఇల్లు చేరేసరికి పోస్టు ఖాయమని ఫోనొచ్చింది. ఆనందం పట్టలేక చక్రధర్ దగ్గరికి పరుగెత్తింది.

"చూశారా! ప్రశ్నలు మళ్లించే నా రౌటింగ్ ఇంట్లోనూ పనిచేసింది."

"అవునవును," అన్నాడు చక్రధర్ వెంటనే.

సహస్ర అతని చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, యూ సెడ్ ఆఫ్టర్ ద ఇంటర్వ్యూ. కెన్ ఐ ఆస్క్ అమ్మా నౌ?"