కన్ను కోరిన బజ్జి

"బజ్జి అడిగింది నేను గాదే. కన్ను అడుగుతాంది" అన్నాడు శేషప్ప.

హనుమమ్మ గంజి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. మొగుడు మగ్గం గుంట పక్కన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడికంటికి తెల్లటి కట్టు. ఎడమకన్ను చిన్ననాడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. మిగిలిన ఒక్కదాంట్లోనూ తెల్లపువ్వు పూసి చూపు మూసుకుపోతే, మద్రాసు పెద్దాసుపత్రిలో ఎవరో చనిపోయిన మనిషి కంటిపొర తీసి దానికి అతికించి పంపారు. కర్నూలు రాజధాని అయిన ఏడు అది. ఎమ్మిగనూరులో అంత వింత ఎవరూ వినలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు శేషప్పను వదిలేసి కట్టుకు దండం పెట్టి పోతున్నారు.

పొర అతుక్కునేదాకా వంగకూడదు, బరువెత్తకూడదు, గట్టిగా నమలకూడదు అన్నారు డాక్టర్లు. తుమ్మినా దగ్గినా పొర జారిపోవచ్చట. జారితే ఇక మగ్గమూ లేదు, వెలుగూ లేదు. అందుకని హనుమమ్మ ఇంట్లో పోపు పెట్టడమే మానేసింది. జలుబు చేసిన చుట్టాన్ని గడప తొక్కనివ్వడం లేదు. శేషప్పకేమో గంజి తాగి తాగి నాలుక చచ్చిపోయింది.

"నాకు బజ్జి మీద ఎప్పుడన్నా ఆశ ఉండిందా, నువ్వే సెప్పు. ఈ కన్ను వచ్చినంక మొదలయింది."

ఆదోని సంతకు పోయిన ప్రతిసారీ రెండు ప్లేట్ల ఉగ్గాని బజ్జి లాగించి వచ్చే మనిషి ఈ మాట అన్నాడు. అయినా హనుమమ్మకు భయం వేసింది. చనిపోయినవాళ్ళ సొత్తు పెట్టుకుని వాళ్ళ కోరిక తీర్చకపోతే ఊరికే పోతుందా? గింజలన్నీ తీసేసి ఒక మిరపకాయ బజ్జి పెట్టింది. రెండో కొరుకుకే శేషప్పకు పొలమారింది. ఆమె అతని తల రెండు చేతులా అదిమి పట్టుకుని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది. ఎలాగో గండం గడిచింది.

మర్నాడు కన్ను ముక్కుపొడి అడిగింది. ఆ తర్వాత ఎడ్లబండి కట్టించుకుని హాలహర్వికి రాత్రంతా ఆడే బయలాట నాటకం చూడ్డానికి పోదామంది. మద్రాసు మనిషికి హాలహర్వి బయలాట సంగతి ఎట్లా తెలుసని హనుమమ్మ నిలదీసింది. కన్నుకు తెలియని ఊరుంటుందా అని శేషప్ప దబాయించాడు. అప్పుడు వెలిగింది ఆమెకు. ఇది చచ్చినవాళ్ళ కోరిక కాదు, బతికున్నవాడి బుద్ధి. కానీ ఆ మాట మొహాన అంటే పంతానికి పోయి తనే లేచి అంగడికి నడుస్తాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుదాసు వచ్చాడు. ఆదోని మనిషే. ఆ పెద్దాసుపత్రిలోనే వార్డులో పని. సెలవుకు ఊరొస్తుంటే కట్టు మార్చి రమ్మని డాక్టర్లు చెప్పి పంపారు. హనుమమ్మ వీధి మలుపులోనే అతన్ని ఆపి, కన్ను కోరికలన్నీ ఏకరువు పెట్టింది.

"సచ్చినోళ్ళ పేరు సెప్పి కన్ను పోగొట్టుకునేట్టుండాడు తమ్ముడూ. అది మడిగట్టుకునే ముసలామె కన్నని సెప్పు. ఉప్పూకారం ముట్టకుండా ఒంటిపూట తినేదని సెప్పు."

"అడిగింది బజ్జీనేనా అక్కా?"

"మిరపకాయ బజ్జి."

ప్రభుదాసు కాసేపు నేల చూపులు చూశాడు. అబద్ధానికి జంకుతున్నాడనుకుని, ఆ పాపమేదో తనకే తగలనిమ్మని ఆమె ధైర్యం చెప్పింది. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు లేకపోతే సంసారాలు సాగవు.

అతను కట్టు మార్చాడు. పొర బాగా అతుక్కుంటోందనీ, ఇంకొన్నాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే మళ్ళీ మగ్గంలో కూర్చోవచ్చనీ చెప్పాడు. శేషప్ప ఊరుకుంటాడా.

"ఎవరిదప్పా ఈ కన్ను? మంచి తిండి మనిషి మాదిరుండాడే."

ప్రభుదాసు గొంతు సవరించుకుని ముసలామె కథంతా ఒప్పజెప్పాడు. శేషప్ప మొహం వాడిపోయింది.

"మరి బజ్జి?"

"వాసనకే లేసిపోయేదంటన్నా."

"ముక్కుపొడి?"

"ఆ మాటే అనొద్దు."

బయలాట కోరికను శేషప్ప తనంతట తనే వదిలేసుకున్నాడు. మెల్లగా చెయ్యెత్తి కట్టును తాకాడు. పాపం, ఒంటిపూట తినే తల్లికి బజ్జి తినిపించినానే అని నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ పూట గంజిలో ఉప్పు కూడా వద్దన్నాడు. హనుమమ్మకు ఒకపక్క నవ్వొచ్చింది, ఇంకోపక్క ఏడుపొచ్చింది. కన్ను దక్కింది, ఇంకేం కావాలి.

పక్కింటి మద్దమ్మ చేత వేయించిన బజ్జీలు పళ్ళెంలో పెట్టి, పెరటి వాకిట్లో ప్రభుదాసు చేతికిచ్చింది. మగ్గం నిలబెట్టినావు, కడుపునిండా తినమంది. అతను ఒకటి తీసుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"ఇంతకూ నిజంగా ఎవరిదప్పా ఆ కన్ను?" అంది.

ప్రభుదాసు బజ్జీని మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశాడు.

"కడుపులో పుండుతో మా వార్డులో పడుండిన రిక్షా ఆయనది అక్కా. డాక్టర్లు ఒద్దన్నారని నేనే తెచ్చియ్యలేదు గానీ, పోయే పొద్దు గూడా నా చెయ్యి పట్టుకోని ఒకటే అడిగినాడు. మిరపకాయ బజ్జి."