దీమపు జింక

నార్వే మంచుకొండల్లో ఒక వేటగాడు ఆడజింకనొకదాన్ని సాకేవాడు. దాన్ని దీమంగా, అంటే తోటి జింకల్ని రప్పించే ఎరగా, లోయలో కట్టేసి, తాను బండచాటున నక్కేవాడు. అది అరిస్తే అడవి జింకలు తమ జాతే కదా అని నమ్మి దగ్గరికొచ్చి, తుపాకీకి బలయ్యేవి.

"నేను అరుస్తానంతే. చంపేది నేను కాదుగా!" అని అది సరిపెట్టుకునేది.

దాని కొడుకు కిందటేడు కట్టు తెంచుకుని అడవి మందలో కలిసిపోయాడు. ఒక ఉదయం ఆ మంద లోయ అంచుకొచ్చింది. అందరికన్నా ముందు వాడే ఉన్నాడు. తల్లి వాణ్ణి చూడగానే గుర్తుపట్టింది.

"రావద్దురా నాయనా! వెనక్కి పారిపో! ఇక్కడ తుపాకీ ఉంది!" అని గొంతు చించుకుని అరిచింది.

గాలి హోరున వీస్తోంది. మాటలన్నీ ఆ హోరులో కొట్టుకుపోయాయి. కొడుక్కి వినబడింది అమ్మ గొంతొక్కటే.

"అమ్మా, వస్తున్నానే!" అంటూ మందనంతా వెంటేసుకుని లోయలోకి పరుగెత్తాడు.

తుపాకీ పేలింది. వాడు తల్లి కాళ్ల దగ్గరే కూలిపోయాడు.

వేటగాడు బండచాటు నుంచి లేచి వచ్చి, జింక మెడ ఆప్యాయంగా నిమిరాడు.

"ఎంత బాగా పిలిచావే తల్లీ ఇవాళ! ఇన్నేళ్లలో ఇలా ఎన్నడూ పిలవలేదు" అన్నాడు.